కొమురయ్య గోల్‌లో నిలబడడానికి కావలసిన సంతకాలు

1961 నవంబరు 6, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు బెల్లంపల్లిలోని ఒక బొగ్గు గనుల కంపెనీలో సహాయ సంక్షేమాధికారిగా చేరాను. తొమ్మిదీ ఇరవైకి నా మొదటి అర్జీ స్వీకరించాను. ఆ అర్జీదారు కుటుంబాన్ని వీధిన పడేసే దాకా తీసుకురావడానికి నాకు సరిగ్గా పంతొమ్మిది రోజులు పట్టింది. కొత్తవాడికి అది మంచి వేగమేనని మా హెడ్ క్లర్కు తరువాత మెచ్చుకున్నారు.

ఉద్యోగం గురించి రెండు మాటలు. గనిలో పనిచేసేవారి బాగోగులు చూడడానికి కంపెనీ ఒక అధికారిని నియమించాలని చట్టం చెబుతుంది. క్యాంటీను, మరుగుదొడ్లు, చంటిపిల్లల గది, ఆటలు ఆయన పరిధిలోకి వస్తాయి. నేను సహాయ అధికారిని. సహాయం అందుకోవలసిన అధికారి పదవి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నది. కనుక నేను ఒక కుర్చీకి సహాయకుడిగా చేరాను. హుజూరాబాద్ దగ్గరి మా ఊళ్లో, మా ఇంట్లో, బి.ఏ. చదివిన మొదటివాడిని నేనే. బి.ఏ. చదివినవాడికి ఏం చేయాలో తెలిసి ఉంటుందని మా బాపు నమ్మేవాడు. విచారించవలసిన విషయమేమిటంటే, నేనూ నమ్మేవాడిని.

అర్జీదారు పేరు కొమురయ్య. వయసు ముప్పై అయిదు. లాంప్ రూంలో పని. గనిలోకి దిగే ప్రతి మనిషి ముందుగా ఆ గది కిటికీ దగ్గర తన నంబరు బిళ్ల ఇచ్చి, నెత్తికి పెట్టుకునే దీపం తీసుకోవాలి. సాయంత్రం దీపం తిరిగి రాకపోతే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. కొమురయ్య అంతకు నాలుగేళ్ల క్రితం వరకు మూడో నంబరు గనిలో ఫిల్లరు, అంటే పగిలిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే మనిషి. పైకప్పు బండ కూలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. అటువంటివారిని గని పైన చిన్న పనుల్లో పెట్టేవారు. దానికి కంపెనీ భాషలో లైట్ డ్యూటీ అని పేరు. కాలు పోవడానికి ముందు అతడు ఏడేళ్లపాటు మూడో నంబరు హాకీ జట్టుకు ఫుల్‌బ్యాక్. జనవరిలో గనుల మధ్య జరిగే పోటీల్లో గోల్‌కీపరుగా ఆడతానన్నది అతని అర్జీ. జట్టు గోల్‌కీపరుకు మందమర్రి బదిలీ అయింది. జట్టువాళ్లకు ఇతడే కావాలి.

"ఉర్కుడు నాతోని కాదు సార్," అన్నాడు ఊతకర్రను గోడకు ఆనించి. "నిలవడుడు అయితది. గోల్ల జేసేదేముంది, నిలవడుడే గద."

పోటీల నియమావళిలో ఏడో నియమం ప్రకారం ప్రతి ఆటగాడు కంపెనీ వైద్యుని నుంచి ఆరోగ్య పత్రం తేవాలి. క్రీడా సంఘం కార్యదర్శి ఒక అసిస్టెంట్ మేనేజరు. పత్రం తెస్తే తనకు ఏ అభ్యంతరమూ లేదని ఆయన ఎంతో ఉదారంగా సెలవిచ్చారు. రాదని తెలిసిన కాగితం విషయంలో ఉదారంగా ఉండడం సులభమని నాకు అప్పటికి తెలియదు. నేను రెండు రోజుల్లో తెచ్చాను. అందుకు ఆయన నన్ను చాలాకాలం క్షమించలేదు.

డాక్టరు గారు మాత్రం శ్రద్ధగా పరీక్షించారు. చూపు, వినికిడి, ఛాతీ చూశారు. ఒంటికాలి మీద నిలబడమన్నారు. ఆ పరీక్షలో ఆ ఏడాది వచ్చిన ఆటగాళ్లందరికన్నా కొమురయ్యదే మేలైన ఫలితం. తరువాత బల్ల మీది దూది చుట్టను హఠాత్తుగా విసిరారు. కొమురయ్య దాన్ని ఊతకర్రతో కిటికీ బయటకు కొట్టాడు. డాక్టరు గారు నాలుగో నంబరు ఫారం మీద 'ఫిట్' అని రాసి సంతకం చేశారు.

ఈ ఫారం సంగతి చెప్పాలి. కొత్తగా చేరేవారికి, జబ్బు సెలవు నుంచి వచ్చేవారికి, గాయపడి కోలుకున్నవారికి, ఆటగాళ్లకు, అందరికీ అదొక్కటే. మూడు ప్రతులు నింపాలి. ఒకటి అడిగినవారికి, ఒకటి ఆసుపత్రికి. మూడోది ఎవరికన్నది ఎక్కడా రాసి లేదు. పాతవారు దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకునేవారు. నేను పట్టభద్రుడిని. దాన్ని సిబ్బంది విభాగానికి పంపాను. ఎవరూ అడగలేదు.

సిబ్బంది విభాగానికి హాకీతో పని లేదు. వారి దృష్టిలో లైట్ డ్యూటీలో ఉన్న ఒక కార్మికుడు ఫిట్ అని వైద్యుడు ధ్రువీకరించాడు. అటువంటివాడిని పాత పనికి పంపాలన్నది నిబంధన. నవంబరు 25, శనివారం ఉత్తర్వు వెలువడింది: కొమురయ్య సోమవారం మొదటి షిఫ్టు నుంచి మూడో నంబరు గనిలో ఫిల్లరుగా హాజరు కావలెను. ఉత్తర్వును కార్మికునికి అందజేసి సంతకం తీసుకోవలసిన బాధ్యత సంక్షేమ విభాగానిది. అంటే నాది. ఆ సంతకం సాయంత్రం కంపెనీ క్వార్టర్ల వరుసలో, కొమురయ్య ఇంటి అరుగు మీద తీసుకున్నాను. అతని భార్య రాజవ్వ కాగితాన్ని నా చేతి నుంచి లాక్కుని పొరుగు పిల్లతో చదివించుకున్నది.

"సారూ, మీరు ఎంత మట్టుకు సదివిండ్రు?" అని అడిగింది.

బి.ఏ. అన్నాను.

"నా పెనిమిటికి కాలు మొలిసిందని ఏ కితాబుల రాసున్నది? నాల్గేండ్లసంది నేనే మందు రాస్తున్న, నాకు కనవడలే. మీకు కనవడ్డదా?"

నేను కలం మూసి జేబులో పెట్టుకున్నాను. "కనవడ్తె జర జూపియ్యుండ్రి, చెప్పు తొడుగుత," అని లోపలికి పోయింది.

సోమవారం ఉదయం కొమురయ్య ఉత్తర్వును అక్షరాలా పాటించాడు. తాను రోజూ దీపాలిచ్చే కిటికీకి ఇవతలి పక్క నిలబడి, బిళ్ల ఇచ్చి, దీపం తీసుకుని, ఊతకర్రతో గని ముఖద్వారానికి నడిచాడు. అక్కడి మైనింగ్ సర్దారు, అంటే లోపల కార్మికుల భద్రతకు జవాబుదారీ అయిన ఉద్యోగి, ఊతకర్రతో మనిషిని దింపితే తన సర్టిఫికెట్ పోతుందన్నాడు. దింపనని రాసిమ్మని కొమురయ్య అడిగితే, ఫిట్ అయినవాడిని ఆపితే కూడా సర్టిఫికెట్ పోతుందన్నాడు. "కొమురన్నా, నువ్వు లోపలికి రాకు, ఇంటికి పోకు. గా బెంచి మీద కూసో," అన్నాడు. లాంప్ రూం అతన్ని తిరిగి తీసుకోదు, ఉత్తర్వు ఉన్నది కనుక. గని లోపలికి రానివ్వదు, కాలు లేదు కనుక. వరుసగా పది రోజులు పనిలో లేని మనిషి పేరును హాజరు మస్టరు నుంచి కొట్టివేయవచ్చునని కంపెనీ నిబంధన. బెంచి మీద కూర్చోవడాన్ని పనిగా లెక్కించే గడి మస్టరులో లేదు. ఆఫీసులో ఆ పని చేసేవారికి ఆ చిక్కు ఎన్నడూ రాలేదు.

మూడో రోజు నేను సిబ్బంది విభాగాన్ని బతిమాలి ఒక దారి తెచ్చాను. కొమురయ్య అర్జీ ఉపసంహరించుకోవాలి, వైద్యుడు అన్‌ఫిట్ అని రాయాలి, లాంప్ రూంకు తిరిగి పోవాలి. హాకీ మాత్రం కుదరదు. బెంచి దగ్గరికి పోయి చెప్పాను. నా గొంతులో కొంత గర్వం కూడా ఉన్నదని ఇప్పుడు అనుమానం.

కొమురయ్య ఊతకర్రతో లాంప్ రూం కిటికీ వైపు చూపించాడు. "నేను కిటికీల నుంచి దీపం ఇస్తుంటె ప్రతోడు ఏమంటడో ఎర్కేనా సార్? 'పాపం' అంటడు. దినాం మూడు షిఫ్టుల మనుషులు. నాల్గేండ్ల నుంచి గదే మాట. గోల్ల నిలవడ్డ అనుకోండ్రి, ఎవ్వడు పాపం అనడు. బాల్ తీస్కొని నా మీదికి కొడ్తడు. అన్‌ఫిట్ అని రాపిచ్చుకొని నేను మల్ల గా కిటికీల కూసోను. ఇంకో వారం ఉన్నది గద, జూద్దాం," అన్నాడు.

అతనికి వారం ఉన్నది. నాకు నిద్ర లేదు.

నన్ను గట్టెక్కించినవారు హెడ్ క్లర్కు మొహియుద్దీన్ సాబ్. నిజాం కాలంలో ఉర్దూ ఫైళ్లతో ఉద్యోగం మొదలుపెట్టి, ప్రభుత్వాలు మారినా కుర్చీ మారని మనిషి. నన్ను పేరుతో పిలిచేవారు కాదు.

"బి.ఏ. సాబ్, పరేషాన్ గాకుండ్రి. జర గిటు రండి," అని నాలుగో నంబరు ఫారం తిరగేసి పెట్టారు. "కాగితం ముందట అందరు చదువుతరు. వెనక చదివెటోనికి జీతం ఎక్కువ ఇయ్యాలె. ఇగో."

వెనుక భాగంలో, చిన్న అక్షరాల్లో, పని స్థలం అని ఒక వరుస ఉన్నది. 'గని లోపల / గని పైన. అవసరం లేనిదాన్ని కొట్టివేయవలెను.' ఎవరూ ఏదీ కొట్టివేయలేదు. డాక్టరు గారు హాకీ మైదానం తలచుకున్నారు కనుక ఆ ప్రశ్నే తోచలేదు. నేను ముందు భాగం అందంగా నింపి సంతోషించాను. రెండూ మిగిలాయి కనుక సిబ్బంది విభాగం రెండింటికీ ఫిట్ అని చదువుకున్నది.

"లాంప్ రూం యాడున్నది?" అన్నారు సాబ్. గనిని అక్కడ బాయి అంటారు. "బాయి పైన. హాకీ మైదానం? అదీ బాయి పైననే. మీ కార్యదర్శి సాబ్ మూడు వందల అడుగుల లోతున ఆడిపిస్తడేమో అడగండ్రి. లేదంటె ఒక్క గీత కొట్టుండ్రి."

ఒక్క గీతే. కాని ప్రభుత్వ శైలి నేర్చిన కార్యాలయంలో గీతకు పొట్టి సంతకం కావాలి. డాక్టరు, కార్యదర్శి, సిబ్బంది అధికారి, నేను: నలుగురు. ప్రతులు మూడు. మొత్తం పన్నెండు సంతకాలు. డాక్టరు గారు హైదరాబాదు పోయారు. కార్యదర్శి గారు ఇల్లు మారుతున్నారు. ఇంట్లో ఉన్నా కలం ఎక్కడ సర్దారో తెలియదట. నేను సైకిలు మీద నా కలం తీసుకుపోయాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పన్నెండో సంతకం పడింది. అదే పూట కొమురయ్య బెంచి మీద నుంచి లేచి లాంప్ రూంలో కూర్చున్నాడు. మస్టరులో ఆ రోజులకు ఏం రాయాలని గుమాస్తా అడిగితే మొహియుద్దీన్ సాబ్ 'కార్యాలయ పనిపై వేచి ఉన్నాడు' అని రాయించారు. అంతకన్నా నిజమైన వాక్యం నా ఉద్యోగకాలంలో ఆ మస్టరులో చూడలేదు.

మిగిలినవి చిన్న పనులు. గోల్‌కీపరు కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు స్టోరులో జతగా ఇస్తారు. మనిషికి ఒకే కాలు కనుక ఒకటి చాలునన్నాను. జత విడదీసే నిబంధన లేదని స్టోర్‌కీపరు రెండూ ఇచ్చాడు. కొమురయ్య రెండోదాన్ని ఊతకర్రకు కట్టుకున్నాడు. దానితో ఒక పెద్ద చిక్కు తీరింది. ఊతకర్రకు బంతి తగిలితే అది రెండో హాకీ కర్ర కింద లెక్కా అని కార్యదర్శి గారు రాతపూర్వకంగా అడిగి ఉన్నారు. పోటీనాడు అంపైరు వచ్చి ప్యాడ్ చూసి, ప్యాడ్ కట్టేది కాలికే కదా, అది కాలే అన్నాడు. గోల్ ముందు నేల గులకరాళ్లతో ఉండి ఊతకర్ర జారేది. లాంప్ రూంలో పనిచేసే మరో ఇద్దరు, ఒకరికి కుడి చేయి లేదు, ఇంకొకరికి ఒక కన్ను లేదు, బాయిలరు బూడిద తెచ్చి తడిపి దిమ్మిసా కొట్టారు. రెండు గోల్‌ల ముందూ కొట్టారు, ఎదుటి జట్టు ఫిర్యాదు చేయకుండా. ఊతకర్ర అడుగున పాత బెల్టు రబ్బరు ముక్క మేకులతో బిగించారు. ఇవన్నీ ఏ ఫారం లేకుండా ఒక్క సాయంత్రంలో అయిపోయాయి.

జనవరిలో మ్యాచ్ జరిగింది. ఎదుటి జట్టు సెంటర్ ఫార్వర్డ్ ఒక కుర్ర ట్రామరు, టబ్బులు నెట్టే పనివాడు. రెండుసార్లు గోల్ ముందు దాకా వచ్చి, కొమురయ్యను చూసి, బంతిని మెల్లగా తోశాడు. రెండోసారి కొమురయ్య బంతిని తన్ని, అందరికీ వినబడేలా అడిగాడు:

"ఏందిరా, పెండ్లిసూపులకు వచ్చినవా? నాకేమన్న తాంబూలం ఇస్తున్నవా? కొట్టు."

మూడోసారి ఆ కుర్రవాడు గట్టిగా కొట్టాడు. బంతి ఊతకర్ర ప్యాడ్‌కు తగిలి గోల్ లోపలికే పోయింది. కొమురయ్య నవ్వాడు. జట్టువాళ్లు అతన్ని బండబూతులు తిట్టారు, మామూలు గోల్‌కీపరును తిట్టినట్టే. మైదానం అంచున రాజవ్వ నిలబడి ఉన్నది. "గా బాల్ నాకన్న దొర్కుతుండె," అన్నది పక్కావిడతో. ఆ తరువాత కొమురయ్య ఆరు దెబ్బలు ఆపాడు. మూడో నంబరు ఒకటికి రెండు గోల్స్‌తో ఓడిపోయింది. ఆట తరువాతి బహుమతుల సభలో కార్యదర్శి గారు ఈ ఆలోచన తనకు మొదటినుంచీ ఉన్నదని చెప్పి దండ వేయించుకున్నారు. దండ చాలా పెద్దది.

నేను నేర్చుకున్నది రెండు సంగతులు. కాగితాన్ని వెనుక కూడా చదవాలి. ఎవరూ అడగని ప్రతిని ఎవరికీ పంపకూడదు. మూడోది కూడా ఉన్నది కాని దాన్ని నేర్పింది కొమురయ్య కనుక నా ఖాతాలో వేసుకోను: ఆటలో చోటు అడిగే మనిషి దయ అడగడం లేదు, దెబ్బ అడుగుతున్నాడు.

మరుసటి ఏడు నుంచి ఆటగాళ్లకు నాలుగో నంబరు ఫారం ఆగిపోయింది. అర ఠావు కాగితం మీద డాక్టరు ఒక్క సంతకం చేసేవారు, ప్రతి ఒక్కటే. లాంప్ రూం నుంచి ముగ్గురు పోటీల్లో ఆడారు. పోటీలకు ముందు రెండు గోల్‌ల ఎదుటా బూడిద కొట్టడం మైదానం పనుల జాబితాలో చేరింది. నేను 1968లో బదిలీ అయి పోయేనాటికి కొమురయ్య ఇంకా గోల్‌లోనే ఉన్నాడు, అతనికి గోల్స్ ఇంకా పడుతున్నాయి.