రంగు పోయిన నీళ్లు

ఈ ఉదయం ఆరూ ఇరవైకి నీళ్ల క్యాన్ వచ్చింది. తిరుచానూరులో మా వీధికి రోజూ ఆ వేళకే వస్తుంది. గ్లాసులో వంచుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. నీళ్లు తేటగా ఉంటే నాకు ఇప్పటికీ నమ్మకం కలగదు.

నేను తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసిన రోజుల్లో మా అక్క నగరిలో ఉండేది. బావకు నూలు అద్దకం షెడ్డు ఉండేది. రంగునీళ్లు పెరటి గుంటలోకి పోయి, అక్కడి నుంచి బావిలోకి ఊరేవి. ఆ కాలంలో అద్దకం వీధుల్లో తిరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, తెల్లారి బావిలోకి తొంగి చూసి, నిన్న ఏ రంగు వేశారో పక్కింటివాళ్లు సైతం చెప్పేవారు. తాగడానికి మాత్రం అక్క మోకాళ్ల నొప్పులతోనే రెండు వీధుల అవతలి నుంచి బిందె మోసేది.

ఆ మోత తప్పిద్దామని నేను గుంటలోని బురదను సీసాలో తిరుపతికి తెచ్చుకుని, అందులోని బాక్టీరియాకు ఎర్రరంగును మొదట చుక్క, తరువాత వారం వారం కొంచెం పెంచుతూ అలవాటు చేశాను. చాలావరకు చచ్చిపోయేవి, బతికినవాటిని కొత్త సీసాలోకి మార్చేదాన్ని. "మీ సెల్లెలు అంత సదువు సదివింది పురుగులకు మేత ఏసేదానికా" అని బావ అక్కను ఆటపట్టించేవాడు. ఏడాది తిరిగేసరికి అవి రెండు రోజుల్లో రంగును విరిచేయసాగాయి. డబ్బాల్లో తెచ్చి గుంటలో పోశాను. కొన్ని నెలలకు బావి తేటబడింది.

అక్క నాకు చెప్పకుండానే ఆ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. తెలిసిన రోజే బస్సెక్కి వెళ్లాను. విరిగిన రంగు కంటికి కనబడని ముక్కలవుతుందనీ, విషం ఆ ముక్కల్లోనే ఉంటుందనీ, వాటిని తినే బాక్టీరియా వేరనీ, అది నాకింకా చేతకాలేదనీ చెప్పాను. పోసిన రోజే చెప్పవలసిన మాట అది. తేటనీళ్లు చూసిన సంతోషంలో నేనే ఎత్తలేదు. అక్క చంకన బిందె దించకుండానే విన్నది.

"రంగుండేటప్పుడు తాగొద్దంటివి. రంగు పోయినాక కూడా తాగొద్దంటే, ఇంగ యాడికి పొయ్యేది పాపా?"

షెడ్డు మూయమని బావతో అనడానికి వేరే బతుకు చూపించలేను. ఆ రెండో రకాన్ని పెంచడానికి నాలుగేళ్లు తంటాలు పడ్డాను. సీసాలో బతికేవి, గుంటలో అద్దకానికి వాడిన ఉప్పుకు చచ్చేవి. అక్క తాగుతూనే ఉంది. తరువాత ఆమెకు మూత్రాశయంలో గడ్డ తేలింది. నీళ్ల వల్లనేనా అని అడిగితే డాక్టరు చెప్పలేమన్నాడు. నేనూ చెప్పలేను.

అక్క పోయాక బావ షెడ్డు మూసేసి, బావి మీద రాతిపలక వేయించాడు. అక్కడా ఇప్పుడు క్యాన్ నీళ్లే. తెల్లారి లేచి ఆ బావిలోకి ఎవరూ తొంగి చూడరు.