హారిక కోసం ప్రార్థన చేసిన పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన కబురు మంగళవారం పొద్దున్న తెలిసింది. నేను వాకిలి ఊడుస్తున్నాను. ఆమె కూతురు గేటు దాకా వచ్చి, "అక్కా, అమ్మ లేవట్లేదు" అంది. చీపురు అక్కడే పడేసి వెళ్లాను. నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నాడు. ముఖంలో ఏ బాధా లేదు. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ఆ చిన్న చిరాకు మాత్రం అలాగే ఉంది.

నాకు రాయడం అలవాటు లేదు. టెన్త్ పరీక్షల తర్వాత కాగితం నింపే అవసరం పెద్దగా రాలేదు. ఇప్పుడు కలం పట్టించింది బాధ ఒక్కటే కాదు, కోపం కూడా. జ్ఞాపకార్థ కూడికలో పెద్దమ్మ గురించి నలుగురు మాట్లాడారు. సహనవంతురాలు అన్నారు. ఎవరికీ ఎదురు చెప్పని మనిషి అన్నారు. చివర్లో మా సంఘ పెద్ద గారు ప్రార్థన చేస్తూ, "ఈ తల్లి కోరిక ప్రకారం ఆమె కుమార్తె తిరిగి భర్త ఇంటికి చేరుకొనునట్లు సహాయము చేయుము తండ్రీ" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను లేచి నిలబడి, "అయ్యా, అది పెద్దమ్మ కోరిక కాదండి" అన్నాను. నా గొంతు రెండు వరసలు దాటదు. అది దాటేలోపే పాట అందుకున్నారు. ఆ ఆమేన్ అన్నవాళ్లకు చేరాలని ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ నాకు రక్త సంబంధం కాదు. నర్సీపట్నంలో మా వీధిలోకి నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి ఎదురింట్లో ఉన్న మనిషి. భర్త పోయాక చీరలకు ఫాల్స్ కుట్టి ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆమె ముందు గదిలో సీరియల్. నేను అంట్లు తోముకుని వెళ్లేదాన్ని. వీధి చివర కిరాణా కొట్టు పార్వతమ్మ గారు షట్టరు సగం దించి, నుదుట కుంకుమతో, చేతిలో వేయించిన పల్లీల పొట్లంతో వచ్చేవారు.

ఆ సీరియల్లో హారిక అని ఒక కోడలు. తల్లి లేని పిల్ల. దాని అత్త దాన్ని పెట్టని బాధ లేదు. అత్త తెర మీదికి రాగానే పెద్దమ్మ సూది తీసి జాకెట్టు భుజానికి గుచ్చేసేది. "కోపంలో కుడితే దారం బిగిసిపోద్ది. సీర ముడుసుకుంటాది" అనేది. ఆ అత్తకు సీన్లు ఎక్కువైన వారం చీరలు ఒక్కటీ తెమిలేవి కావు. ఎవరైనా వచ్చి, "నా సీర అవలేదేటండీ?" అంటే, "ఆ రాక్షసి రోజూ వచ్చేత్తంది తల్లీ, నన్నేటి సెయ్యమంటావు?" అని విసుక్కునేది.

మా స్త్రీల సమాజంలో ఒక పద్ధతి ఉంది. వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ లేచి ప్రార్థన అంశం చెబుతారు. ఎవరికి జ్వరమో, ఎవరింట్లో తగువో. తర్వాత అందరం మోకరించి, ఆ పేర్లు పలికి ప్రార్థిస్తాం. ఒక గురువారం పెద్దమ్మ లేచి, "హారిక అనే బిడ్డ కోసం ప్రార్థన సెయ్యండి. మెట్ల మీంచి తోసేసేరు. తెలివి రాలేదు. మొగుడు తల్లి మాటే నమ్ముతున్నాడు" అంది. ఆమె కొంగు లాగాను. ఆమె గమనించలేదు. అందరూ కన్నీళ్లతో ప్రార్థించారు. పాస్టరమ్మ గారైతే ఒక పూట ఉపవాసం కూడా ఉన్నారు.

మరుసటి గురువారం పాస్టరమ్మ గారు, "ఆ అమ్మాయికి ఎలా ఉందండీ?" అని అడిగారు.

"కళ్లు తెరిసిందండి. నిన్న సివర్లో సూపించేరు. మాటాడతాదో లేదో ఈ రోజు తెలుస్తాది."

అప్పుడు బయటపడింది. కొందరు నవ్వారు, కొందరు ముఖాలు ముడుచుకున్నారు. పాస్టరమ్మ గారు మంచి మనిషి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెద్దమ్మ ఎర్రబడింది గానీ తగ్గలేదు. "అలాటి పిల్లలు ఊరినిండా ఉన్నారండి. మీ ప్రార్థన ఆలల్లో ఎవులకో ఒకలకి అందుతాది, ఎక్కడికీ పోదు" అంది.

ఆ మాట అన్న కొన్ని నెలలకే ఆమె కూతురు ఎస్. రాయవరం నుంచి ఒక్క సంచితో వచ్చేసింది. ఎందుకు వచ్చిందో మా ఇద్దరికే చెప్పారు, నాకూ పార్వతమ్మ గారికీ. పెద్దమ్మకు సంఘంలో చెప్పడానికి నోరు రాలేదు. గురువారం దారిలో నాతో, "నా కూతురి పేరు సెప్పలేను పిల్లా. ఆ హారిక పేరే సెప్తాను. దేవుడికి తెల్దేటి, ఎవులి గురించో" అంది. చెప్పింది కూడా. "హారిక కోసం ప్రార్థన సెయ్యండి" అనగానే ఈసారి అందరూ పకపకా నవ్వారు. ఎవరో, "ఈరోజు ఏటయిందండీ ఎపిసోడులో?" అన్నారు. మోకరించినప్పుడు కూడా వెనక వరసలో నవ్వులు ఆగలేదు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ప్రభువు క్షమించాలి.

కూతురు వచ్చాక టీవీ సౌండు బాగా పెరిగింది. పెద్దమ్మకు చెవుడు వచ్చిందని వీధంతా అనుకున్నారు. ఆమె అవుననలేదు, కాదనలేదు.

ఆ రోజుల్లోనే సీరియల్లో హారిక ఇల్లు విడిచి వచ్చేసింది. ఒక గది అద్దెకు తీసుకుని, బట్టల షాపులో పనికి చేరింది. మా గదిలో పండగే. పార్వతమ్మ గారు ఆ రోజు పల్లీలకు బదులు లడ్డూలు తెచ్చారు. కూతురు వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి నవ్వింది. పెద్దమ్మ ఒక్కసారీ సూది భుజానికి గుచ్చకుండా ఒక చీర మొత్తం పూర్తి చేసింది.

ఎంతకాలం? ఆ అత్త గుండెపోటు నాటకం ఆడింది. హారిక పరుగెత్తుకుని వెళ్లి ఆమె కాళ్ల మీద పడి, "తప్పు నాదే అత్తయ్యా" అంది.

"ఏటే, నీ తప్పేటే!" అని పార్వతమ్మ గారు టీవీ మీదికి పల్లీలు విసిరారు. "ఆ కత రాసినోడి సెయ్యి పడిపోను!"

"అలా అనకండి పార్వతమ్మ గారూ" అన్నాను నేను.

"పోనీ వాపు రానివ్వండి. పడిపోవక్కర్లేదు."

కూతురు ఫోనులో ఆ ఛానల్ పేజీ తెరిచి జనం రాసినవి చదివింది. తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. మెచ్చుకున్నవాళ్లూ అంతమంది ఉన్నారు. ఆడపిల్ల అంటే ఇలా ఉండాలట, ఇలాంటి కోడలు దొరకాలంటే పుణ్యం చేసుకోవాలట. అలా రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పెద్దమ్మ అంతా విని, "నాను సెప్తాను, రాయి" అంది. కూతురు టైపు చేసింది: "అయ్యా, కత రాసేవారికి నమస్కారం. ఆ పిల్ల తప్పేమీ లేదని మాకు మీరే చూపించారు. మరి తప్పు నాదే అని దానిచేత ఎందుకు అనిపించారు? మా ఇళ్లల్లో ఆడపిల్లలు కూడా ఈ సీరియల్ చూస్తున్నారు."

నవ్వే బొమ్మలు బోలెడు పెట్టారు. ఒకతను, "ఇది సీరియల్ మామ్మా, నిజం కాదు" అని రాశాడు. పెద్దమ్మ ఆ రోజంతా రగిలిపోయింది. "నిజం కాదని నాకు తెల్దేటి? నిజం ఇంట్లో పెట్టుకుని కూసున్నాను" అంది.

ఆ వారంలోనే అల్లుడు, అతని తండ్రి, మా సంఘ పెద్ద గారితో కలిసి వచ్చారు. సరిగ్గా సీరియల్ వేళకి. టీవీలో హారిక అత్తకు హారతి పడుతోంది. సంఘ పెద్ద గారు కుర్చీలో కూర్చుని, "సౌండు కాస్త తగ్గించమ్మా, మాట్లాడుకుందాం" అన్నారు.

"తగ్గిస్తే నా కూతురికి ఇనపడదండి."

"నీకు వినపడదేమో అనుకున్నాను."

"నాకు శుభ్రంగా ఇనపడతాది. దానికే ఎడం సెవి పని సెయ్యదు. పెళ్లికి ముందు రెండూ పని సేసేవి."

టీవీలో మంగళవాద్యాలు మోగుతున్నాయి. అల్లుడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. అతని తండ్రే ముందు తేరుకున్నాడు. "ఏదో కోపంలో ఒక దెబ్బండీ. కాపురాలన్నాక ఉండవేటి? అదిగో, టీవీలో ఆ పిల్ల కూడా సర్దుకుని ఎల్లిపోనాది కదా."

"ఆ పిల్లకి జీతం ఇస్తారండి బాబూ!" అన్నారు పార్వతమ్మ గారు.

పెద్దమ్మ నవ్వలేదు. "దాన్ని ఎనక్కి పంపింది కత రాసినోడు. ఇది నాను కన్న పిల్ల. పంపను" అంది. అని లేచి వెళ్లి అందరికీ టీ పెట్టింది. అల్లుడికి కూడా పంచదార సరిపోయిందా అని అడిగింది.

ఎదురు చెప్పని మనిషి అన్నారే, ఆ మనిషి ఈవిడే.

తర్వాత స్త్రీల సమాజంలో ఆమెను ప్రార్థన చెయ్యమని పిలవడం మానేశారు. సీరియళ్లు చూసి చెడిపోయిందన్నారు. ఇదే నాకు మింగుడుపడదు. సీరియల్ ఆ పిల్లను వెనక్కి పంపింది. పెద్దమ్మ పంపలేదు. సీరియల్ నేర్పినట్టు ఆమె నడిచి ఉంటే ఈపాటికి అందరూ మెచ్చుకునేవారు. ఈ మాట నేను ఎందరికో చెప్పబోయాను. తల ఊపి, కూరగాయల ధరల్లోకి వెళ్లిపోయారు.

పోవడానికి కొన్ని వారాల ముందు ఆయాసం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, సాయంత్రం నేను వెళ్లగానే మొదటి మాట, "ఏటయింది, బయటికొచ్చిందా?" అని. హారిక ఇంకా వంటింట్లోనే ఏడుస్తోంది. పార్వతమ్మ గారు నా చెవిలో, "వచ్చీసిందని సెప్పీయండి, పాపం" అన్నారు. నాకు అబద్ధం రాదు. "ఇంకా లేదు పెద్దమ్మా" అన్నాను. "సాగదీసి సాగదీసి సంపెత్తన్నారు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి, ఈ మాట చెప్పింది. ఇది ఆమె కోరిక. అందరూ వినండి. "నాను పోతే అల్లుడోలు మళ్లీ వస్తారు. నా పేరు సెప్పి దాన్ని అడుగుతారు. నువ్వు మెత్తనిదానివి. మెత్తగానే సెప్పు గానీ, సెప్పు."

కూడిక అయిన మూడో రోజే ఆ ముగ్గురూ వచ్చారు. ఈసారి ఆటో మాట్లాడుకుని మరీ వచ్చారు, సామాను పట్టేలా సీటు వెనక జాగా ఖాళీగా ఉంచుకుని. నేను రోడ్డు దాటి వెళ్లాను. పార్వతమ్మ గారు షట్టరు దించకుండానే వచ్చేశారు. సంఘ పెద్ద గారు దిగకముందే నేను ఆటో పక్కన నిలబడి, పెద్దమ్మ ఆసుపత్రిలో అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. అడ్డం రావడానికి అక్కడ పాట లేదు. ఆయన విన్నారు. విని, "చనిపోయినవారి మీద పెట్టి చెప్పకూడదమ్మా" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు మాట రాదు.

అప్పుడు ఆ అమ్మాయి బయటికి వచ్చింది. చేతిలో సంచి లేదు. మెడలో బట్టలు కొలిచే టేపు ఉంది.

"నాను రానండి. అమ్మ కోరికని సెప్పకండి. అమ్మ మీకు టీ ఇచ్చి మరీ సెప్పింది. అమ్మ సంగతి ఒగ్గేయండి, ఇప్పుడు నాను సెప్తన్నాను. రాను."

అల్లుడు ఆటో డ్రైవరుతో పోనిమ్మన్నాడు. మా వీధి ఇరుకు. ఒక పక్క కాలవ, ఒక పక్క ఎవరో పోసుకున్న ఇసక. ఆటో తిరగలేదు. ముందుకీ వెనక్కీ ఆడి, ఆగిపోయింది. ఆ అమ్మాయే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆటో వెనక్కి వెళ్లి నిలబడింది.

"ఎనక్కి రండి... కాలవుంది, కుడికి కొయ్యండి... ఆఁ, రండి, రండి..."

ఆటో మెల్లగా వెనక్కి పోతోంది. లోపల ముగ్గురూ మా వైపే ముఖాలు పెట్టి కూర్చున్నారు, ఒళ్లో బైబిలుతో సంఘ పెద్ద గారు మధ్యలో. ఆ ముఖాలు మమ్మల్ని చూస్తూనే చిన్నవైపోతున్నాయి. వాటి వెనక ఆ అమ్మాయి చెయ్యి, మెయిన్ రోడ్డు వచ్చేదాకా, రండి రండి అని పిలుస్తూనే ఉంది.