పెనుకొండలో పన్నెండు నిమిషాలు

కండక్టరు తిరుపాల్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎదుటివాడికి బీపీ ఉందో లేదో తేల్చుకోకుండా వదిలిపెట్టలేడు. ధర్మవరం నుంచి హిందూపురం పోయే ఎర్రబస్సులో ఎవరైనా రెండు మెట్లెక్కి ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, ఆయన కళ్ళు మెరిసేవి. భుజాన ఒకవైపు టికెట్ల సంచి, ఇంకోవైపు బీపీ మిషను సంచి. మెడలో ఈలకు తోడు స్టెతస్కోపు. కొత్తవాళ్ళు ఆయన్ని చూసి ఇది ఆస్పత్రి బండేమోనని దిగబోయిన రోజులూ ఉన్నాయి.

ఈ వేడుకనంతా అద్దంలో చూస్తూ, లోలోపల ఉడికిపోతూ బండి నడిపినవాడు డ్రైవరు తిమ్మరాజు. తొంభై ఏడు నుంచి ఇద్దరిదీ ఒకే బస్సు. తిమ్మరాజుకు యాభై దగ్గరపడ్డాయి. ఆయన పొట్టకూ స్టీరింగుకూ మధ్య చేతిరుమాలు పెడితే కింద పడేది కాదు. చెన్నేకొత్తపల్లిలో నాలుగు మిరపకాయ బజ్జీలు, సోమందేపల్లిలో రెండు బీడీలు లేకపోతే ఆయనకు దారి కనిపించేది కాదు.

పెనుకొండలో ఆస్పత్రికి ఎదురుగా బస్సు ఆగేది. తిరుపాల్ ఈల ఊది ప్రకటించేవాడు.

"టీ తాగేటోళ్ళు తాగండి. నలభై దాటినోళ్ళు చెయ్యి చాపండి."

మిగతా బస్సులు అక్కడ రెండు నిమిషాలు ఆగేవి. ఈ బస్సు పన్నెండు నిమిషాలు ఆగేది. బండి కదులుతుంటే లెక్క తప్పుతుందని తిరుపాల్ పట్టుదల. ఆ పన్నెండు నిమిషాల్లో నలుగురికి చూసేవాడు. ముల్లు ఎక్కువ చూపిస్తే భయపెట్టేవాడు కాదు. "ఒక్క దినం ఎక్కినంత మాత్రాన రోగం కాదు. మళ్ళీ రెండుసార్లు చూస్తా. అప్పటికీ దిగకపోతే ఎదురుగానే ఆస్పత్రి ఉండాది," అనేవాడు.

మనుషులు ఊరికే చెయ్యి ఇవ్వరు కదా. అందుకని ఆయన దగ్గర ఉపాయాలుండేవి. ఒకసారి పూలమ్మే చౌడక్క పెనుకొండలో ఎక్కి యాభై రూపాయల నోటిచ్చింది.

"చిల్లర లేదక్కా. సోమందేపల్లిలో ఇస్తా. అంతలోపల ఆ చెయ్యి ఇటియ్యి."

"చిల్లరకీ చేతికీ ఏం సంబంధమప్పా?"

"ఊరికే కూర్చుంటావు కదా, చేతికి కూడా ఒక పని ఉండనీ."

ఆయన రబ్బరు బుడ్డి పిసుకుతుంటే చౌడక్క బస్సంతా వినపడేట్టు అంది. "ఒరే, నెత్తురు నిలబెట్టి సంపుతాండాడురా వీడు." తీరా నూట ఇరవై అని తేలాక, మళ్ళీ ఒకసారి చూడమంది. అంత బాగుండడం ఆమెకు నచ్చలేదు.

ఇంకోసారి ఇద్దరు మగవాళ్ళు ఒకే సీటు మీద తువ్వాళ్ళు వేసి కలబడ్డారు. తిరుపాల్ తీర్పు చెప్పలేదు. పెనుకొండ రాగానే ఇద్దరి చేతులకూ పట్టీ చుట్టాడు.

"నీది నూట యాభై. నీది నూట ఇరవై ఆరు. ఎక్కువున్నోడు కూర్చో. తక్కువున్నోడు నిలబడితే ఒంటికి మంచిది."

గెలిచినవాడు ఏడుపు మొహంతో కూర్చున్నాడు. ఓడినవాడు హిందూపురం దాకా హుషారుగా నిలబడ్డాడు.

అందరూ చేతులు చాపారుగానీ తిమ్మరాజు చాపలేదు. బీపీ అని బయటపడితే బండి మీదనుంచి దించేసి ఆఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చోబెడతారని ఆయన భయం. పైకి మాత్రం, "నేను గుండ్రాయి మాదిరి ఉండా. ఆ పట్టీ నా జోలికి తెస్తే బ్రేకుకు చుడతా," అనేవాడు.

రెండో ఏడు డిపో మేనేజరు ఇద్దర్నీ పిలిపించాడు. రోజూ పెనుకొండలో పది నిమిషాలు ఆలస్యమని కాగితాలు ముందేసుకున్నాడు. తిమ్మరాజు తన తప్పేమీ లేదన్నట్టు గోడవైపు జరిగి నిలబడ్డాడు. తిరుపాల్ మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"సార్, పెనుకొండ ఉలిగప్ప అని పట్టుగూళ్ళ రైతు. వారానికి రెండుసార్లు హిందూపురం మార్కెట్టుకి పోతాడు. పోయేదానికి ఆరు రూపాయలు, వచ్చేదానికి ఆరు."

"అయితే?"

"మొన్న ఆయప్పకి నూట ఎనభై ఉండె. ఆస్పత్రికి తోలితి. గుండె ఫోటో తీసినారు. మాత్రలిచ్చినారు, ఇప్పుడు నిమ్మళంగా ఉండాడు. ఇంకో ఇరవై ఏండ్లు మన బస్సెక్కుతాడు. లెక్కెయ్యండి సార్."

మేనేజరు తెలియకుండానే క్యాలిక్యులేటరు అందుకున్నాడు. ఇరవై అయిదు వేల దగ్గర ఆగింది.

"చచ్చిపోయినోడు టికెట్టు కొనడు సార్. ముదరబెట్టుకుని బెంగళూరికి పోయినోడు బతికి వచ్చినా, ఆపరేషనుకి రెండెకరాలు అమ్ముకునింటాడు. గూళ్ళు లేవు, మార్కెట్టు లేదు, ఇంక బస్సెందుకెక్కుతాడు? మనకి ఖర్చు పది నిమిషాలు. ఇంజిను ఆపేస్తాం, డీజిలు కాలదు."

"నూరు మందికి చూస్తే ఎంతమందికి బయటపడుతుంది?"

"పన్నెండు, పదమూడు."

"మిగతా ఎనభై ఏడుమంది టైము దండగే కదయ్యా."

"వాళ్ళు టీ తాగినారు సార్. ఏమీ లేదని తెలుసుకుని సంతోషంగా తాగినారు."

మేనేజరు చాలాసేపు క్యాలిక్యులేటరు వైపే చూశాడు. వాదన ఎక్కడో వంకరగా ఉందని తెలుస్తోందిగానీ ఎక్కడో దొరకలేదు. చివరికి పది నిమిషాలు దారిలో ఎక్కడైనా సర్దుకోమని చెప్పి తలుపు వేయించాడు. తలుపు తెరుచుకునేసరికి ఆయన చొక్కా చెయ్యి మడిచి ఉంది. ఎంత వచ్చిందో తిరుపాల్ ఎవరికీ చెప్పలేదు. ఆ విషయంలో ఆయన డాక్టరుకన్నా గట్టివాడు.

రెండు వేల సంవత్సరంలో, బడులు తెరిచే రోజుల్లో, తిరుపాల్ తన కూతురు పవిత్రను హైస్కూల్లో చేర్చాలని ఒకరోజు సెలవు పెట్టాడు. బదులుగా బాలాజి అనే కొత్త కండక్టరు వచ్చాడు. తిమ్మరాజుకు పండగలా అనిపించింది. పెనుకొండలో బస్సు ఆగగానే, రోజూ ధర్మవరం నుంచి అదే బస్సులో డ్యూటీకి వచ్చే నర్సు గ్రేస్ ముందుకొచ్చింది. తిరుపాల్‌కు బీపీ చూడడం నేర్పింది ఆమే.

"తిరుపాలన్న రాలేదా?"

"రాలేదమ్మా. చెవులకి నిమ్మళంగా ఉండాది."

గ్రేస్ దిగబోయి ఆగింది. "అన్నా, ఒక మాట. ఆయప్ప చెప్పొద్దన్నాడు. మూడేండ్లు దాచిపెట్టినా, ఇంక నావల్ల కాదు."

"ఏందమ్మా?"

"మొదటిసారి మా ఆస్పత్రికి వచ్చింది ఆయన కోసం కాదన్నా, నీకోసం. మా డ్రైవరు మలుపు తిప్పినప్పుడల్లా ఎడమ భుజం రుద్దుకుంటాడు, నాలుగడుగులేస్తే ఆయాసపడతాడు, చూపించుకోమంటే కొట్టనీకి వస్తాడు, ఎట్లమ్మా అని అడిగినాడు. నేను నవ్వులాటకి చెప్తి. బస్సులో అందరూ చూపించుకుంటే మీ డ్రైవరు కూడా ఒక దినానికి చెయ్యి ఇస్తాడులే అని. వారం తిరక్కుండా బెంగళూరికి పోయి మిషను కొనుక్కొచ్చినాడు."

తిమ్మరాజు అద్దంలోకి చూశాడు. వెనక నలుగురు చొక్కా చేతులు మడుచుకుని, తిరుపాల్ లేడన్న సంగతి మరిచి ఎదురుచూస్తున్నారు. వాళ్ళందరూ మూడేళ్ళుగా అలా కూర్చుంటున్నది తన ఒక్కడికోసమే. తాళం తీసి జేబులో వేసుకుని దిగాడు.

"అన్నా, టైమయింది. యాడికి పోతాండావు?" బాలాజి ఈల నోట్లోంచి తీసి అడిగాడు.

"పన్నెండు నిమిషాలు ఆగప్పా," అని తిమ్మరాజు రోడ్డు దాటాడు.

పన్నెండు కాస్తా ముప్పై అయింది. డాక్టరు రెండు చేతులకూ చూశాడు, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూశాడు, గుండె ఫోటో తీయించాడు. భుజం నొప్పి గుండెది కాదు, పాతికేళ్ళుగా బరువైన స్టీరింగు తిప్పినందుకు కండరాలు పట్టేశాయంతే. కానీ బీపీ మాత్రం నూట యాభై ఎనిమిది ఉంది. గుండె ఇంకా చెడలేదు, ఇప్పుడే తెలియడం మంచిదైంది, రోజుకొక మాత్ర వేసుకుని, ఉప్పు తగ్గించి, బీడీలు మానేస్తే బండి నడుపుకోవచ్చు, వారానికోసారి వచ్చి చూపించుకో అన్నాడు. తిమ్మరాజు ఇన్నేళ్ళు భయపడిన సంగతి ఇంతేనా అన్నట్టు మాత్రల చీటీని రెండుసార్లు తిరగేసి చూశాడు.

మరునాడు ధర్మవరం బస్టాండులో, బండి తీయకముందే, తిమ్మరాజు డ్రైవరు సీట్లోంచి ఎడమ చెయ్యి వెనక్కి చాపాడు.

"ఏందన్నా, నొప్పిగా ఉండాదా?" తిరుపాల్ కంగారుపడ్డాడు.

"చూడప్పా."

రెండు వేలమందికి చుట్టిన పట్టీని తిరుపాల్ ఆ రోజు తిరగేసి చుట్టాడు. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోవడం మరిచి బుడ్డి పిసికాడు. ఇంకా పిసికాడు.

"చెయ్యి ఊడొస్తాది, వదులు," అన్నాడు తిమ్మరాజు. "నిన్న చూపించుకున్నా. నూట యాభై ఎనిమిది. గ్రేసమ్మ అంతా చెప్పింది."

తిరుపాల్ చూపు తిప్పుకుని టికెట్లు సర్దసాగాడు.

"మూడేండ్లు ఈ ఊరేగింపు ఎందుకప్పా? ఒక్క మాట చెప్పింటే అయిపోతుండె కదా."

"చెప్తి కదన్నా. చెప్పిన దినమే నన్ను చెన్నేకొత్తపల్లిలో వదిలేసి పోయినావు. కండక్టరు లేకుండా పెనుకొండ దాకా పోయింది బస్సు."

తిమ్మరాజుకు గుర్తొచ్చింది. ఆయన కాసేపు స్టీరింగు తుడిచాడు.

"మొత్తం ఎంతమందికి చూసింటావు?"

"రెండు వేల మూడునూర్లు."

"బీపీ బయటపడినోళ్ళు?"

"మూడునూర్లకి దగ్గర."

తిమ్మరాజు మొహం మెల్లగా విచ్చుకుంది. "అంటే మూడునూర్ల మంది నా భుజం నొప్పి వల్ల బాగుపడినారు."

"అవునన్నా. అంతా నీ చలవే," అన్నాడు తిరుపాల్, నవ్వకుండా.

ఆ మధ్యాహ్నం ట్రిప్పు ముగించి ఇంటికెళ్ళిన తిమ్మరాజు, మూడు వందల ప్రాణాలు కాపాడిన మనిషిలాగా పీట మీద కూర్చుని భార్య ఈశ్వరితో చెప్పాడు.

"ఈ దినం నుంచి ఉప్పు తగ్గియ్యి. డాక్టరు చెప్పినాడు. కష్టమేలే, అయినా ఓర్చుకుంటా."

ఈశ్వరి పప్పు వడ్డిస్తూ తలెత్తలేదు.

"తగ్గించి రెండేండ్లయింది. తిరుపాలన్న వచ్చి చెప్పిపోయినాడు, నీకు తెలీకుండా దినానికి చిటికెడు తగ్గించుకుంటా రమ్మని."

తిమ్మరాజు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

"అట్లయితే నీకు వయసు మీదపడి వంట మరిచిపోయినావని నేను ఊరంతా చెప్పుకున్నానే."

"విన్నాలే," అంది ఈశ్వరి, ఇంకో గరిటె పప్పు వేస్తూ. "తిను."

తిమ్మరాజు తిన్నాడు. మారు కూడా అడిగి వేయించుకున్నాడు.