ఆఖరి చరణంలో మా బావ పేరు

నా బిడ్డను హైదరాబాదు రేడియోలో పాడటానికి రెండోసారి పిలిచారు. ఆ సంబురం పట్టలేక మంథని బస్టాండులో ఎదురైన వాళ్లందరికీ పేడాలు పంచుతున్నాను. అప్పుడే మా ఊరి మనిషి బస్సు దిగి, "మీ బావ పొద్దుగాల పోయిండు" అన్నాడు. చేతిలో పొట్లం అట్లాగే ఉండిపోయింది.

నా అక్క మొగుడాయన. సొంతంగా పాటలు కట్టి పాడేవాడు. రజాకార్ల రోజులు పోయిన మరుసటి వానకాలం, మా మడిలో నాట్లు వేసే ఆడవాళ్ల కోసం మొదటి పాట కట్టాడు. తర్వాత జాతరలకు, పెళ్లిళ్లకు పిలుపులు వచ్చాయి. భుజాన ఏక్‌తార వేసుకొని నిర్మల్ దాకా, బోథ్ దాకా పోయి పాడివచ్చేవాడు. ఆ గొంతు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు! పాడేముందు రెండు మిరియాలు నమిలేవాడు. మూడోది నా నోట్లో వేసేవాడు, నాకు పాట రాకపోయినా.

పాట కట్టినవాళ్లు ఆఖరి చరణంలో తమ పేరు పెట్టుకోవడం మా దిక్కు ఆనవాయితీ. బావకు చదువు లేదు. "కాయితం మీదనైతే ఏలుముద్రే ఏస్త. పాటల మాత్రం సంతకం జేస్త" అని నవ్వేవాడు.

నా బిడ్డకు పాట నేర్పింది ఆయనే. ఆమె మొదటిసారి రేడియోకు పోయినప్పుడు సంతోషంతో నా కళ్లు మూసుకుపోయాయి. "నీ బాపు పేరు లోకం వినాలె బిడ్డా" అని, ఆఖరి చరణంలో బావ పేరు తీయించి నా పేరు పెట్టించాను.

"పాట మామది గద బాపూ" అన్నది పిల్ల. నేను వినలేదు.

పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూర్చుని విన్నది. నా పేరు రాగానే అందరూ బావ వైపు చూశారు. ఆయన మోకాలి మీద తాళం ఆపకుండానే, "నీ పేరు గూడ తాళానికి మంచిగనే కూసున్నది బామ్మర్దీ" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆయన కట్టిన పాటల్లో ఆఖరి చరణమే లేదు. ఎవరన్నా అడిగితే, "పాడుకునేటోల్లు పెట్టుకుంటరు తియ్యి" అనేవాడు. రెండేళ్లు ఆయన వాకిట్లోనే తిరిగాను. తప్పయిందని ఒక్క మాట అనలేకపోయాను. ఇప్పుడు మీ అందరితో అంటున్నాను, సిగ్గులేకుండా.

పదో రోజు బిడ్డ ఆ పాటే ఎత్తుకుంది. రేడియోలోనూ ఇట్లాగే పాడుతానని నాకు ముందే చెప్పింది. మా దగ్గర ఆడవాళ్లు మొగుని పేరు పలకరు. అక్క ఏనాడూ పలకలేదు. ఆఖరి చరణంలో బావ పేరు వచ్చింది. గోడకు ఆనుకొని కూర్చున్న అక్క పెదవులు, బిడ్డ గొంతుతో పాటు మెల్లగా కదిలాయి.