దిద్దుబాటు బడి నుంచి వచ్చిన కెజియా

కెజియా థ్వైట్ తన సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. చిన్నతనంలో నేరం చేసి, శిక్షపడి, దిద్దుబాటు బడి నుంచి బయటపడ్డ పిల్లలు మా లీడ్స్ పట్నంలో ఎవరడిగినా అనాథాశ్రమంలో పెరిగామనే చెప్పేవాళ్లు. ఆమె బట్టలుతికే కొట్టు పెట్టినప్పుడు నేను గంజి కాచే పనికి వెళ్తే, మొదటి మాటే, "నేను దొంగతనం చేసి పట్టుబడ్డదాన్ని. ఇష్టమైతే ఉండు, భయమైతే పో" అంది. ఉండిపోయాను.

పదకొండేళ్లప్పుడు ఓ కొట్టు ముందు వేలాడుతున్న బూట్ల జత లాక్కుని పరిగెత్తింది. లాక్కురమ్మన్నది వాళ్లమ్మ డోర్కస్. సందు మొగలో నిలబడి చూసి, పోలీసు రాగానే మాయమైంది. మేజిస్ట్రేటు ఎంత అడిగినా కెజియా తల్లి పేరెత్తలేదు. ముందు జైలు, ఆ తర్వాత ఐదేళ్లు బడి అన్నాడాయన.

బడంటే కాసేపు చదువు, మిగతాదంతా చాకిరీ. పెద్దిళ్ల దుప్పట్లన్నీ ఆ పిల్లలే ఉతికేవాళ్లు. బట్టల సోడాకి చేతులు పగిలి రక్తం కారేది. మొదటి చలికాలంలో కెజియా గోడ దూకి పారిపోయి, దొరికిపోయి, చీకటి గదిలో పడింది. అందులోంచి బయటికొచ్చాక ఇక ఏడవలేదు. ఈ పనే నేర్చుకుని దీనితోనే బతకాలని తీర్మానించుకుంది. పదహారేళ్లకి ఆమెలా కాలర్లకి గంజి పెట్టి కత్తి అంచులా ఇస్త్రీ చేసేవాళ్లు ఆ బడిలో ఇంకొకరు లేరు.

వదిలేసే రోజున పెద్ద పంతులమ్మ హెచ్చరించింది: "మంచి ఇంట్లో పనికి కుదిర్చాం. మీ అమ్మ గడప మాత్రం తొక్కకు."

"తొక్కనండీ. ఆవిణ్ణే నా గడపకి తెచ్చుకుంటా."

అన్నంత పనీ చేసింది. కొన్నేళ్లు ఆ ఇంట్లో పనిచేసి, కొట్టు పెట్టుకుని, తల్లిని వెతికి తెచ్చింది. డోర్కస్ జిన్ను తాగి, కంపు కొడుతూ దిగింది.

వారం తిరక్కముందే ఉతకడానికొచ్చిన డాక్టరుగారి దుప్పటి మాయమైంది. నేను గంపలన్నీ తిరగేసి వెతికాను. మాట బయటికి పొక్కితే కొట్టు మూతే. కెజియా మాత్రం ఇస్త్రీ ఆపలేదు. కాసేపటికి తాకట్టు కొట్టు క్లెగ్ వచ్చి దుప్పటి బల్లమీద పెట్టాడు. వెనకే డోర్కస్, మొహం మాడ్చుకుని.

"నువ్వన్నట్టే తెచ్చిందమ్మా," అని చెప్పి వెళ్లిపోయాడు క్లెగ్.

"ముందే చెప్పిపెట్టావుటే? కన్నతల్లి మీద!" అంది డోర్కస్.

"నిన్ను తీసుకొచ్చే ముందే. చుట్టుపక్కల తాకట్టు కొట్లన్నిటికీ."

"జైలుకెళ్లొచ్చిన దానివి, నాకు నీతులా?"

"వెళ్లింది నీవల్లే కదమ్మా. నీ పేరు పోలీసులకి అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. కానీ నా కొట్లోంచి గుడ్డముక్క కూడా బయటికి పోదు. నీళ్లు చల్లారిపోతున్నాయి, రా."

ఆ పాత నేరం గురించి కెజియా తల్లిని అన్నది అదొక్కసారే. డోర్కస్ గౌను చేతులు పైకి మడుచుకుని వచ్చి, కెజియా తొట్టిలోంచి తీసిన తడి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మెలితిప్పి పిండారు.

డోర్కస్ మారిపోయిందని చెప్పను. జిన్నూ మానలేదు, గొణుగుడూ మానలేదు. కానీ ఆవిడ బతికున్నన్నాళ్లూ మా కొట్లో మళ్లీ ఏదీ పోలేదు. పైగా బట్టలకొచ్చిన వాళ్లందర్నీ ఆపి మరీ చెప్పేది: "మా పిల్ల ఇస్త్రీ చేసిన కాలరు జాగ్రత్తగా పెట్టుకోండి బాబూ, మెడ తెగుద్ది!"