కుట్లు పడకముందు నవ్వు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, గోదావరికి ఎర్రనీరు తగిలిన రోజుల్లో, రాజమండ్రిలోని ఒక ఆసుపత్రిలో గ్రహణమొర్రి విభాగానికి నన్ను హెడ్ నర్సుగా వేశారు. పై పెదవి చీలి పుట్టిన పసిపిల్లలకు ఆపరేషన్ చేసే చోటు అది. బరువు బాధ్యతలని లోకం జంటగా అంటుంది. అక్కడ నాకు బరువే బాధ్యత. బిడ్డ తగినంత బరువు పెరిగి, రక్తం సరిగ్గా ఉంటే తప్ప మత్తు ఇవ్వరు. అందుకని వచ్చిన ప్రతిసారీ మొలతాడు, కడియాలు తీయించి తూచేదాన్ని. పొడవు, తల చుట్టుకొలత తీసేదాన్ని. నా సొంత బరువు మీద మాత్రం ఈ శ్రద్ధ ఏనాడూ పెట్టలేదు. తర్వాత తల్లిని అడగాలి: పాలు ఎంతసేపు తాగుతోంది, నిద్రపోతోందా, మొహం చూస్తే నవ్వుతోందా. ఒళ్లు పెరిగితే చాలదు, బిడ్డ హాయిగా ఉందా లేదా అన్నది కూడా తెలియాలని ఆ ప్రశ్నలు.

నూకరత్నం తన పాపను ఎత్తుకుని పట్టిసీమ దగ్గర ఒక రేవు నుంచి వచ్చేది. భర్తది చేపల వేట. అత్తగారు సత్తెమ్మ ఆ చేపలు గంపకెత్తుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. పాపకు చీలిన పెదవితో రొమ్ము సరిగా పట్టు దొరక్క, పిండిన పాలు చెంచాతో పోసేవారు. బరువు నత్తనడకన పెరిగింది. నా ప్రశ్నలన్నిటికీ ముక్తసరిగా జవాబు చెప్పే నూకరత్నం, నవ్వు దగ్గరికొచ్చేసరికి ఆగేది. “ఇది నవ్వితే మొహమంతా నవ్వేనండి,” అనేది. నేను ‘అవును’ అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు పోయేదాన్ని.

సర్జన్ గారు బయటి ఊరి నుంచి నెలకోసారి వచ్చేవారు. బరువు సరిపోయాక ఆయన వచ్చిన ఉదయం మొదటి ఆపరేషన్ ఈ పాపకే. మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి కనుక తెల్లవారుజాము నుంచి పాలు ఆపించాను. థియేటర్ నుంచి పిలుపు వచ్చింది. నూకరత్నం మాత్రం అంగీకార పత్రం మీద సంతకం పెట్టలేదు. పెట్టకపోతే వంతు మరో బిడ్డకు పోతుంది. మళ్లీ నెల ఆగాలి, ఈలోగా వరద పెరిగితే వీళ్లు ఇల్లు కదల్లేరు. భయపడుతోందనుకుని మత్తు గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఓపిగ్గా విని, “అది కాదండి. ఒక్క ఫోటో తీసుకోవాలి. నవ్వేటప్పుడు,” అంది.

పాప పుట్టిన దగ్గర్నుంచి సత్తెమ్మ ఫోటో తీయనివ్వలేదు. ఫోన్లో పడితే చుట్టాలందరికీ చేరుతుందని, గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుందని కోడల్ని ఆడిపోసుకుంటారని ఆవిడ భయం. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని నేనంటే, పక్కనే ఉన్న సత్తెమ్మ, “నాకు తెలుసండి. మా చుట్టాలకు ఎవరు చెబుతారండీ?” అంది.

“ఆ మొర్రి నవ్వు ఎవరికి కావాలే? రేపు పెళ్లిచూపుల్లో చూపిస్తావేంటి?”

“ఎవరికీ చూపించనత్తా. ఇకమీదట ఉండదు కదా. నాకే.”

సత్తెమ్మ పాప మొహంలోకి చూసింది. “అది ఆకలి మీదుంది. నవ్వుతుందేంటి?” అంది.

నవ్వించే పని నేను తీసుకున్నాను. పాపను ఎత్తుకుని గిలక ఊపాను, చిటికెలు వేశాను, చివరికి మొహం వికారంగా పెట్టాను. అందుకు నాకు పెద్ద శ్రమ అక్కర్లేదు. పాప గుక్కపట్టింది. సత్తెమ్మ నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుని, భుజాన కాక ఎదురుగా ఎత్తి పట్టుకుని, “చేపలమ్మా... చేపలూ...” అని వీధిలో కేక వేసినట్టే, గొంతు మాత్రం తగ్గించి అంది. పాప ఏడుపు ఆపి చూసింది. రెండోసారి అనగానే నవ్వింది. చీలిక రెండు పక్కలకూ విచ్చుకుని, ముక్కు వెడల్పయి, తల్లి చెప్పినట్టే మొహమంతా.

“తీశావా?”

“లేదత్తా. చూస్తా ఉండిపోయాను.”

“ఇంకోసారి నవ్వమంటే నవ్వుద్దా, అది నీ మొగుడా?”

మళ్లీ నవ్వలేదు. థియేటర్ నుంచి రెండో పిలుపు వచ్చింది. నూకరత్నం ఫోను కొంగులో పెట్టుకుని సంతకం చేసింది.

కుట్లు బాగా మానాయి. నెల తర్వాత తూకానికి వస్తే పాప ఒళ్లు చేసింది, రొమ్ము పట్టింది. మొహం చూస్తే నవ్వుతోందా అని అడిగాను. “నవ్వుతుందండి, బాగుంటుంది,” అని, పాప పెదవి మీద వేలు ఆనించి, “అప్పుడప్పుడు పాతది వస్తుందేమోనని చూస్తానండి,” అంది. నేనూ చూశాను. రాలేదు.

ఆ తర్వాత పదవిలో ఉన్నంతకాలం, ఆపరేషన్ ముందురోజు సాయంత్రం, బిడ్డ కడుపు నిండా పాలు తాగాక, తల్లిని బిడ్డతో ఒంటరిగా వదిలేయమని సిబ్బందికి చెప్పేదాన్ని. పెదవి కుట్టడానికి బిడ్డ బరువు సరిపోవాలి. పాత మొహానికి వీడ్కోలు చెప్పడానికి తల్లికి కొంత సమయం కావాలి. మొదటిది మాకు శిక్షణలోనే నేర్పారు. రెండోది నేను వార్డులో నేర్చుకున్నాను.