బాతుల షెడ్డులో ఇల్లరికపు అల్లుళ్ళు

బాతులాయన భార్యకు ఆ ముసలి మగబాతులంటే మొదటినుంచీ ఒళ్ళుమంట. మొహమంతా ఎర్రటి పులిపిర్లు, అరవడం రాదు, బుసకొట్టడమే. అవి వేరే జాతివి. గుడ్లు పెట్టే తెల్లబాతులతో వాటిని పిల్లలప్పటినుంచీ కలిపి పెంచాడు ఆమె మొగుడు. పెద్దయ్యాక తెచ్చి వదిలితే తెల్లవాటి మొహం కూడా చూడవట. మేత కూడా ముందు వాటికే. "ఇల్లరికపు అల్లుళ్ళు, తిని కూర్చోవడమే పని," అని ఆమె దెప్పేది.

వాటికీ తెల్లబాతులకీ పుట్టిన పిల్లలు మాత్రం చూడముచ్చటగా ఉండేవి. తల్లుల్ని మించిన ఒడ్డూ పొడుగూ, రొమ్ము నిండా కండ. మాంసం కొట్లవాళ్ళు ఎగబడి కొనేవాళ్ళు.

"ఇంత బలమైన పిల్లలుండగా ఆ ముసలివాటిని ఎందుకండీ మేపడం?" అని ఒకసారి అడిగింది.

"అది నీ బుర్రకెక్కదులే," అని నవ్వేశాడు.

ఆ గుట్టే అతని గొప్ప. పెళ్ళాం రెట్ట ఎత్తొచ్చు, నీళ్ళు మోయొచ్చు, జతకట్టించే గదిలోకి మాత్రం తొంగి చూడకూడదు.

తర్వాత అతనికి పక్షవాతం వచ్చింది. కుడి పక్కా, మాటా ఒకేసారి పడిపోయాయి. బాతుల్ని చూస్తూ పడుకుంటాడు కదా అని షెడ్డుకెదురుగా కిటికీ పక్కన మంచం వేయించింది. బతుకంతా ఆమె నెత్తిన పడింది. ఈసారి పిల్లలు దిగకపోతే షెడ్డు మూసుకోవడమే. అందుకే బాగా ఆలోచించి, ముసలి అల్లుళ్ళను బేరగాడికి అమ్మేసింది. వాటి పిల్లల్లోంచి మేటి మగవాటిని ఏరి తెల్లబాతుల్లో వదిలింది.

బేరగాడు ముసలివాటి కాళ్ళు కట్టి బండెక్కిస్తుంటే లోపల మొగుడు ఒకటే అరుపు. ఎడమచేత్తో మంచం పట్టె మీద బాదాడు.

"వస్తున్నానండీ. ఆకలికి అంత కంగారైతే ఎలా?" అంటూ గంజి తెచ్చి తాగించింది.

కొత్తవి తెల్లవాటి వెంట బాగానే తిరిగాయి. గుడ్లు పొదిగే యంత్రం ఉన్నాయనకు వాటి గుడ్లు ఇచ్చింది. వారం దాటాక ఆయన కబురు చేశాడు. చీకటిగదిలో ఒక్కో గుడ్డూ దీపానికి అడ్డం పట్టి చూపించాడు. ఒక్కదాంట్లోనూ పిల్ల కట్టిన నెత్తుటి జాడ లేదు.

"ఏ మగవాటిని వదిలావమ్మా?"

చెప్పింది.

"అయ్యో, అవి గొడ్డువి కదమ్మా. రెండు జాతులు కలిసి పుట్టినవి మాంసానికే తప్ప పిల్లలకి పనికిరావు. ఏటా ఆ ముసలివాటితోనే జతకట్టించాలి. మీ ఆయన చెప్పలేదా?"

"చెప్పగలిగినప్పుడు చెప్పలేదు," అంది.

దారంతా మొగుణ్ణి తిట్టుకుంటూనే వచ్చింది. మంచం పక్కన కూలబడి, "ఒక్క ముక్క చెప్పుంటే మీ సొమ్మేం పోయేదండీ?" అంది. అతను ఆమె వైపే చూశాడు. బండి కదిలిన రోజున గంజి తెచ్చినప్పుడు కూడా ఇలాగే చూశాడు. ఆ చూపు ఇప్పుడు అర్థమై ఆమెకు అతని మీద కోపం చచ్చిపోయింది, తన మీద తనకే అసహ్యం వేసింది. మాట రాకపోయినా వద్దని అరుస్తున్న మనిషి నోట్లో చెంచా పెట్టింది తను. కిటికీలోంచి బండినే చూస్తూ అతను ఆ గంజంతా మింగాడు. వేడికి కళ్ళలో నీళ్ళొస్తున్నాయనుకుని, తను ఊది ఊది మరీ పట్టింది.